ఒకే రాజీనామా కాగితం, మూడు చదువులు: బీబీఏ, లా, హెచ్‌ఆర్‌లను విడదీసి చూస్తే

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లు నడిపే ఒక పీజీ హాస్టల్లో, టిఫిను వేళలు రాసిన కాగితం పక్కనే, మే నెలలో ఒక కాలేజీ కరపత్రం అంటించి ఉంది. బిజినెస్, లా, హెచ్‌ఆర్ మూడూ ఒకే డిగ్రీలో నేర్పుతామన్నది దాని సారాంశం. ఎంఈసీ పూర్తిచేసిన కూతురికి సీటు చూడడానికి కదిరి నుంచి వచ్చిన ఒకాయన దాన్ని రెండుసార్లు చదివి, "అన్నా, ఇది చదివితే మా పాప లాయరయితాదా, మేనేజరయితాదా, లేకపోతే ఈ ఐటీ కంపెనీల్లో ఇంటర్వ్యూలకు పిలిచే హెచ్‌ఆరయితాదా?" అని నన్ను అడిగారు.

ఆయన అడిగిన మూడూ ఒక్క జాతివి కావు. మేనేజ్‌మెంట్ ఒక చదువు, బీబీఏ దాని డిగ్రీ. లా చదువుతో పాటు ఒక వృత్తిలోకి ప్రవేశించడానికి కావలసిన అర్హత. హెచ్‌ఆర్ కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఒక విభాగం, ఒక కొలువు. డిగ్రీ స్థాయిలో అది చాలావరకు బీబీఏ లోపల ఒక పాయగానే కనిపిస్తుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసరికి తల్లిదండ్రులకే కాదు, చేరిన విద్యార్థులకు కూడా రెండో ఏడాది దాకా తేడా తెలియడం లేదు.

దీనికి తోడు ఈ రెండు మూడేళ్లలో నిబంధనలు కూడా కదిలాయి. 2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ, బీసీఏ, బీఎంఎస్ కోర్సులు సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. అదే ఏడాది కర్ణాటక ప్రభుత్వం, సుఖదేవ్ థోరట్ నాయకత్వంలోని రాష్ట్ర విద్యా విధాన కమిషన్ మధ్యంతర నివేదికను అనుసరించి, నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతిని పక్కనపెట్టి మూడేళ్ల డిగ్రీకి తిరిగి వచ్చింది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, 29 పాత కార్మిక చట్టాల స్థానాన్ని తీసుకున్నాయి. అంటే హెచ్‌ఆర్ విద్యార్థి చేతిలోని పాఠ్యపుస్తకంలో చట్టం పేరు ఒకటి, ఉద్యోగంలో చేరాక ఎదురయ్యేది ఇంకొకటి.

ఏ డిగ్రీ మీద ఎవరి పెత్తనం

బీబీఏ అంటే పాత తరం బెంగళూరువాళ్లు బీబీఎం అని పిలిచిన డిగ్రీయే. అకౌంట్స్, ఆర్థికశాస్త్రం, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్, సంస్థల్లో మనుషుల ప్రవర్తన వంటివి మొదటి రెండేళ్లలో, ఫైనాన్స్ గానీ మార్కెటింగ్ గానీ హెచ్‌ఆర్ గానీ ఎంచుకున్న పాయ చివర్లో ఉంటాయి. ఇందులో చట్టం లేకపోలేదు. కాంట్రాక్టు చట్టం, కంపెనీల చట్టం, వినియోగదారుల రక్షణ వంటివి ఒకటి రెండు పేపర్లుగా వస్తాయి. వ్యాపారం చేసేవాడికి చిక్కుల్లో పడకుండా ఉండడానికి ఎంత తెలియాలో అంతవరకే వాటి లోతు. ఈ డిగ్రీ ఏ వృత్తికీ లైసెన్సు ఇవ్వదు.

లా చదువు మీద అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం, 2008 నాటి న్యాయవిద్యా నియమాలు దీనికి ఆధారం. దారులు రెండు. ఇంటర్ తర్వాత ఐదేళ్ల సమ్మిళిత కోర్సు ఒకటి. బీఏ, బీకాం, బీబీఏ, బీఎస్సీ, వీటిలో ఏదో ఒకదానికి ఎల్ఎల్‌బీ జతచేసి ఇస్తారు. ఏదైనా డిగ్రీ అయ్యాక చేసే మూడేళ్ల ఎల్ఎల్‌బీ రెండోది. దారి ఏదైనా 20 తప్పనిసరి పేపర్లు, వాటికి అదనంగా 4 ప్రాక్టికల్ పేపర్లు చదవాలి. ఆ ఇరవైలో రెండు కార్మిక, పారిశ్రామిక చట్టాలవే కాబట్టి, హెచ్‌ఆర్ మాట ఎత్తకుండానే లా విద్యార్థి ఆ విభాగపు సగం సరుకును చదువుతున్నట్టే. డిగ్రీ చేతికి వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్లో నమోదు కావాలి, 2011 నుంచి జరుగుతున్న ఆల్ ఇండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి. ఆ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

హెచ్‌ఆర్‌కు ఇలాంటి కౌన్సిల్ లేదు, సన్నదు, అంటే వృత్తి చేయడానికి ఇచ్చే అనుమతి పత్రం, లేదు. ఇంజినీరింగ్ చదివినవారు, ఇంగ్లిష్ ఎంఏ చేసినవారు కూడా హెచ్‌ఆర్‌లో కనిపించేది అందుకే. ఒక్క మినహాయింపు ఫ్యాక్టరీల సంక్షేమాధికారి పదవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఈ అధికారి ఉండాలని చెప్పింది. వృత్తిపరమైన భద్రతకు సంబంధించిన కొత్త కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. ఆ పదవికి ఏ చదువు ఉండాలో ప్రభుత్వ నిబంధనలే నిర్దేశిస్తాయి, హెచ్‌ఆర్ పాయతో చేసిన బీబీఏ ఒక్కటే దానికి సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదు.

సాయంత్రంలోగా రాజీనామా ఇవ్వమంటే

నిర్వచనాలు ఇక్కడికి చాలు. ఈ మూడు చదువుల తేడా ఒకే కాగితం మీద పెడితేనే సరిగ్గా కనబడుతుంది. ఇది నేను కల్పించిన ఉదాహరణే గానీ, అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి పనిచేసేవాళ్లకు కొత్తగా అనిపించదు.

ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక టెస్టర్ 3 సంవత్సరాల 8 నెలలుగా పనిచేస్తున్నాడు. నెల వేతనం 30,000 రూపాయలు. ప్రాజెక్టు ముగిసింది. అతన్ని ఒక చిన్న మీటింగ్ గదిలోకి పిలిచి, సాయంత్రంలోగా రాజీనామా మెయిల్ పంపితే రిలీవింగ్ లెటర్, మంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామని, లేకపోతే తామే తొలగించాల్సి వస్తుందని చెప్పారు. అతను మెయిల్ పంపాడు.

మేనేజ్‌మెంట్ చదివినవారు దీన్ని ముందుగా లెక్కగా చూస్తారు. పనిలేని మనిషి జీతం నెలనెలా ఎంత, మరో ప్రాజెక్టు దొరికేదాకా అతన్ని ఖాళీగా కూర్చోబెడితే ఎంత, పంపించి మూడు నెలల తర్వాత మళ్లీ మనిషిని వెతికి, తీసుకుని, పని నేర్పితే ఎంత అన్నది వారి ప్రశ్న. ఇది కఠినంగా వినిపించినా, జవాబు ఎప్పుడూ పంపించేయమనే రాదు. కొత్త మనిషిని తెచ్చుకునే ఖర్చును నిజాయితీగా వేస్తే ఉన్నవాణ్ణి ఉంచుకోవడమే చౌక అని తేలే సందర్భాలు ఉన్నాయి.

హెచ్‌ఆర్ చదివినవారికి కనిపించేది ప్రక్రియ. నోటీసు పీరియడ్ నియామక పత్రంలో ఎంత రాశారు, మిగిలిన సెలవులకు డబ్బు ఎంత, పీఎఫ్ ఖాతా మార్పు ఎలా, పక్క టేబుళ్లవాళ్లకు ఏం చెప్పాలి. తుది లెక్కల విషయంలో ఇప్పుడు గడువు కూడా మారింది. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, సంస్థ తొలగించినా రెండు పనిదినాల్లో అతని వేతన బకాయిలు చెల్లించాలి. నెలన్నర తర్వాత ఇస్తామనే పాత అలవాటుతో ఇది కుదరదు.

లా చదివినవారు అసలు ఇది రాజీనామాయేనా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏడాదికి తక్కువ కాకుండా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి సంస్థ తనంత తానుగా తొలగిస్తే, అంటే రిట్రెంచ్ చేస్తే, కారణాలు రాసి నెల ముందు నోటీసు గానీ దానికి బదులు నెల వేతనం గానీ ఇవ్వాలి. పనిచేసిన ప్రతి పూర్తి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. చివర్లో ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగానే లెక్కిస్తారు. కొత్తగా నైపుణ్యాలు నేర్చుకోవడానికని పెట్టిన నిధి నుంచి మరో 15 రోజుల వేతనం అతని ఖాతాలో పడాలి.

మన టెస్టరుకు ఈ లెక్క వేసి చూద్దాం. 3 సంవత్సరాల 8 నెలలు నాలుగేళ్ల కింద లెక్క. నాలుగు పదిహేనులు అరవై రోజులు, అంటే సుమారు రెండు నెలల వేతనం, 60,000. నోటీసుకు బదులు 30,000. నైపుణ్య నిధి నుంచి 15,000. మొత్తం 1,05,000 రూపాయలు. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవాడికి ఈ మూడింటిలో ఏదీ రాదు. ఆ మెయిల్లోని "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాటల ఖరీదు అదీ.

చిక్కు ఇక్కడితో తీరలేదు. పై లెక్కంతా అతను చట్టం దృష్టిలో కార్మికుడైతేనే. మేనేజర్ హోదాలో గానీ పరిపాలనా హోదాలో గానీ పనిచేసేవారు, 18,000 రూపాయలకు మించిన వేతనంతో ఇతరుల పనిని పర్యవేక్షించేవారు ఆ నిర్వచనంలోకి రారు. విజిటింగ్ కార్డు మీద ఏ హోదా అచ్చువేశారన్నది న్యాయస్థానాలకు ముఖ్యం కాదు. రోజూ చేసే పని స్వభావాన్నే చూస్తాయి. తమ దగ్గర ఉన్నవాళ్లంతా సొంత నిర్ణయాలు తీసుకునే వృత్తినిపుణులని, ఫ్యాక్టరీ కోసం రాసిన చట్టాన్ని వాళ్లకు తగిలించడం సరికాదని కంపెనీల వైపు నుంచి వినిపించే వాదన. ఎదుటి కంప్యూటర్లో ఎవరో వేసిన టికెట్లను, అంటే అప్పగించిన పనులను, వరుసగా ముగించేవాడు కార్మికుడు కాకపోతే ఇంకెవరన్నది 2017లో ఏర్పడిన కర్ణాటక ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ వంటివారి వైఖరి. రెంటిలోనూ పస ఉంది. ఒకే అంతస్తులో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి చట్టం వర్తించి మరొకరికి వర్తించకపోవచ్చు. రాజీనామా బలవంతంగా తీసుకున్నదని నిరూపించాల్సిన బరువు కూడా చాలావరకు ఉద్యోగి మీదే పడుతుంది. మీటింగ్ గదిలో జరిగిన మాటకు సాక్షులు ఉండరు గదా.

నీళ్ల బోర్డు కేసు నుంచి పీణ్య దాకా

హెచ్‌ఆర్‌కు చట్టం ఎందుకని అడిగేవారికి బెంగళూరులోనే పుట్టిన ఒక కేసు చూపించవచ్చు. బెంగళూరు నీటి సరఫరా, మురుగునీటి బోర్డు కొందరు ఉద్యోగులకు దుష్ప్రవర్తన పేరుతో జరిమానా వేసి ఆ సొమ్మును వాళ్ల నుంచి రాబట్టింది. సంజాయిషీ చెప్పుకునే అవకాశాన్ని సరైన రీతిలో ఇవ్వలేదంటూ వాళ్లు లేబర్ కోర్టుకు వెళ్లారు. తాము ప్రభుత్వ బాధ్యతను నిర్వర్తించే సంస్థే గానీ పరిశ్రమ కాదు కాబట్టి ఆ కోర్టుకు తమ మీద అధికారం లేదని బోర్డు వాదించింది. జరిమానా గొడవ అలా ఢిల్లీ దాకా వెళ్లి, 1978 ఫిబ్రవరి 21న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎదుట పరిశ్రమ అంటే ఏమిటన్న ప్రశ్నగా తేలింది. యజమాని, ఉద్యోగి కలిసి, ఒక పద్ధతి ప్రకారం, మనుషుల అవసరాలు తీర్చే వస్తువులు గానీ సేవలు గానీ అందిస్తే అది పరిశ్రమే, లాభాపేక్ష ఉందా లేదా అన్నది అనవసరం అని తీర్పు వచ్చింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు కూడా ఆ గొడుగు కిందికి వచ్చాయి. కొత్త కోడ్ దాతృత్వ సంస్థలను, ప్రభుత్వ సార్వభౌమ విధులను మినహాయిస్తూ తన నిర్వచనం తాను రాసుకుంది గానీ, లా తరగతుల్లో చర్చ ఇప్పటికీ నీళ్ల బోర్డు కేసు దగ్గరే మొదలవుతుంది.

బెంగళూరులో హెచ్‌ఆర్ అన్న ఒకే పేరు కింద రెండు వేరు వేరు ఉద్యోగాలు నడుస్తున్నాయన్నది కూడా ఇక్కడే చెప్పాలి. హెచ్‌ఏఎల్, ఐటీఐ, హెచ్‌ఎంటీ, బీఈఎల్, బీఈఎంఎల్ వంటి ప్రభుత్వ రంగ కర్మాగారాల నగరంగా ఇది పెరిగినప్పుడు ఆ విభాగం పేరు పర్సనల్ డిపార్ట్‌మెంట్. 1980 డిసెంబర్‌లో మొదలై 77 రోజులు సాగిన ప్రభుత్వ రంగ కార్మికుల సమ్మెను చూసిన తరానికి ఆ అధికారి అంటే యూనియన్‌తో బల్లకు అటువైపు కూర్చునే మనిషి. పీణ్య, బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడల్లో ఇప్పటికీ ఆ పని ఉంది: ఛార్జిషీటు, అంటే ఉద్యోగి మీద ఆరోపణల పత్రం, రాయడం, అంతర్గత విచారణ జరిపించడం, కాంట్రాక్టు కూలీల హాజరు పట్టీలు చూడడం, లేబర్ ఇన్‌స్పెక్టరుకు రిజిస్టర్లు చూపడం. ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో అడుగుపెట్టిన కొత్త డిగ్రీవాళ్లు ఎక్కువగా చేసేది అభ్యర్థులను వెతకడం, ఇంటర్వ్యూలు కుదర్చడం, చేరినవారి కాగితాలు సరిచూడడం. కర్ణాటక ప్రభుత్వం ఐటీ సంస్థలకు ఉద్యోగ షరతులను రాతపూర్వకంగా ఉంచాలనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి మినహాయింపు ఇస్తూ వచ్చింది గానీ, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ, ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలనే షరతులు పెట్టింది. ఆ కమిటీలను నడపాల్సి వచ్చిన రోజున, నియామకాలు తప్ప మరేదీ చూడని హెచ్‌ఆర్‌కు చట్టం ఒక్కసారిగా ఎదురవుతుంది.

ఐదేళ్లు ఒకేసారా, మూడూ మూడుగా విడదీసా

ఇక కోర్సు ఎంపిక మీద ఉన్న వాదాలు. 2026లో ఇంటర్ పూర్తయినవారు బీబీఏ ఎల్ఎల్‌బీలో చేరితే 2031లో బయటికి వస్తారు. మూడేళ్ల బీబీఏ, ఆపైన మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేస్తే 2032. బీబీఏ తర్వాత రెండేళ్ల ఎంబీఏలో హెచ్‌ఆర్ తీసుకుంటే 2031, కాకపోతే ఈ దారిలో బార్ కౌన్సిల్ నమోదు ఉండదు.

ఒక సంవత్సరం కలిసొస్తుందన్నది సమ్మిళిత కోర్సును సమర్థించేవారి మొదటి మాట. కంపెనీ బ్యాలెన్స్ షీటు చదవగలిగే లాయరుకు, చట్టం తెలిసిన మేనేజరుకు బెంగళూరు వంటి ఊళ్లో గిరాకీ ఉంటుందన్నది రెండోది. విడివిడిగా చదవడమే మేలనేవారు పదిహేడేళ్ల పిల్లలకు కోర్టు ఎలా ఉంటుందో తెలియకుండా ఐదేళ్లకు సంతకం పెట్టించడం తొందరపాటు అంటారు. డిగ్రీ అయ్యాక, ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేశాక లాలో చేరినవారికి పాఠం మరింత అర్థమవుతుందనీ, సమ్మిళిత కోర్సుల్లో బీబీఏ భాగం పలచబడుతుందనీ కూడా చెబుతారు. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ ఈ రెండు దారులనూ నడుపుతోంది. దేశంలో ఐదేళ్ల నమూనాకు ఒరవడి పెట్టిన ఆ సంస్థే 2022 నుంచి డిగ్రీవాళ్ల కోసం మూడేళ్ల ఎల్ఎల్‌బీ ప్రారంభించింది. అక్కడి ఐదేళ్ల కోర్సు బీఏ ఎల్ఎల్‌బీయేనన్నది కరపత్రాలు చూసి వచ్చేవారు గమనించని విషయం.

ఈ వాదనల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది ఎవరూ పెద్దగా ఎత్తని ఒక నియమం. మధ్యలో మానేస్తే ఏమవుతుందన్నది. బార్ కౌన్సిల్ నియమావళి ప్రకారం సమ్మిళిత కోర్సును విడగొట్టి మధ్యలో ఒక డిగ్రీ ఇవ్వకూడదు, మధ్యలో ఎవరినీ చేర్చుకోకూడదు. మూడేళ్లు చదివి ఇక లా వద్దనుకున్నవారి చేతికి బీబీఏ పట్టా రాదు. ఇండోర్ ఐఐఎం 2011లో ప్రారంభించిన ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సులోనైతే మూడేళ్ల తర్వాత డిగ్రీతో బయటికి రావచ్చు. యూజీసీ ఏడాదికో, రెండేళ్లకో సర్టిఫికెట్, డిప్లొమాలతో తప్పుకునే వీలు గురించి మాట్లాడుతుంటే, లాలో ఆ తలుపు మూసే ఉంది. ఎల్ఎల్‌బీ చదువుతూ మరో రెగ్యులర్ డిగ్రీలో చేరడానికి కూడా బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. దూరవిద్య కోర్సులకు మాత్రం సడలింపు ఉంది.

నల్లకోటు, కంపెనీ ఐడీ కార్డు ఒకేసారి ఉండవు

లా చదివి హెచ్‌ఆర్‌లోకో, కంపెనీ లీగల్ విభాగంలోకో వెళ్లేవారిని కంగారు పెట్టే నియమం ఇంకొకటి ఉంది. బార్ కౌన్సిల్ వృత్తి నియమాల్లో 49వది, న్యాయవాదిగా ఉన్నవారు పూర్తికాలం జీతగాళ్లుగా ఉండరాదంటుంది. నమోదైన తర్వాత అలాంటి ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు నిలిపివేయాలి. ఉద్యోగం మానాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. డిగ్రీ వృథా పోదు, కానీ ఆ కాలంలో కంపెనీ తరఫున కోర్టులో వాదించడానికి బయటి వకీలు కావాలి. అందుకే లీగల్ విభాగాల్లో పనిచేసే చాలామంది రోజంతా ఒప్పందాలు రాస్తూ, కేసు ఫైలును మరొకరికి అప్పగిస్తూ ఉంటారు. నమోదు ఖర్చు మాత్రం తగ్గింది. చట్టంలో రాసిన 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలకైతే 125కు మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

బెంగళూరు తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా తగిలేవి

మన రాష్ట్రాల లాసెట్ ర్యాంకు ఇక్కడ పనికిరాదు. నేషనల్ లా స్కూల్ ఐదేళ్ల కోర్సుకు క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో కర్ణాటక విద్యార్థుల కోసం ఉంచిన 25 శాతం కోటాకు చూసేది మాతృభాష కాదు, రాష్ట్రంలో పదేళ్లు చదివారా అన్నది. కేఆర్ పురంలో పుట్టి అక్కడే బడికి వెళ్లిన తెలుగు పిల్లలు దానికి పోటీపడవచ్చు, ఇంటర్‌కు మాత్రమే అనంతపురం నుంచి వచ్చినవారు పడలేరు.

భాష సంగతి లాలోనూ ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌లోనూ మరీ ముఖ్యం. హైకోర్టులో ఇంగ్లిష్ నడిచినా కింది కోర్టుల్లో, లేబర్ కార్యాలయాల్లో కన్నడ లేకుండా పని జరగదు. ఆరోపణలు కార్మికుడికి అర్థమయ్యే భాషలో చెప్పకపోతే అంతర్గత విచారణే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మన లిపికీ కన్నడ లిపికీ ఉన్న దగ్గరితనం వల్ల తెలుగు విద్యార్థులు బోర్డులు వారంలో చదివేస్తారు. ఛార్జిషీటు రాయడానికి మాత్రం ఒకటి రెండేళ్లు పడుతుంది.

కదిరి నుంచి వచ్చినాయన ఇదంతా విని, గోడ మీది కరపత్రం కింద ఉన్న నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేశారు. ఫీజు సంగతి ఎత్తకుండా, "మీ కోర్సుకు బార్ కౌన్సిల్ అనుమతి ఉందా?" అని అడిగారు. "ఇది బీబీఏ సార్, రెండు లా పేపర్లు ఉంటాయి, దానికి బార్ కౌన్సిల్ అక్కర్లేదు" అన్నారు అవతలి నుంచి.